పత్తి ఇంట్లో నల్లకోటు

మా ఊళ్లో ఆదివారం చర్చికి పోయేవాళ్లు దాదాపు అందరూ తెల్లబట్టలే కట్టుకుంటారు. ఆడవాళ్లకు తెల్లచీర, మగవాళ్లకు తెల్లచొక్కా. ఆలూరుకు కోడలిగా వచ్చిన కొత్తలో అదంతా భక్తి అనుకున్నాను. పత్తి ఏరే కాలంలో ఒక ఆదివారం, ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ల వీపులు చూశాను. ఒక్కొక్కరి వీపు మీద ఇంతింత దూది ఉంది. తెల్లచీర మీద తెల్లదూది కాబట్టి వంగి చూస్తే తప్ప తెలియదు. వాళ్లకు భక్తి లేదని నేననను. అయితే పత్తి పండించే ఊరికి తెల్లబట్టను మించిన సౌకర్యం ఇంకోటి లేదని ఆ రోజే తెలిసింది.

అలాంటి ఊళ్లో, అలాంటి ఇంట్లోకి నల్లబట్ట తెచ్చిపెట్టింది నేనే. చీరైనా బాగుండేది. నేను తెచ్చింది కోటు.

పత్తికాలంలో మా ఇల్లు ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. దసరా దాటాక చేనులో మొదటి ఏరుడు మొదలవుతుంది. బోరాల్లో, అంటే మనిషంత ఎత్తు గోనెసంచుల్లో, పత్తి ఇంటికి వస్తుంది. వచ్చి నేరుగా ముందు గదిలో కూలబడుతుంది. మొదట గోడ పక్కన మోకాలెత్తు కుప్ప. తర్వాత నడుమెత్తు. క్రిస్మస్ దగ్గరికొచ్చేసరికి కిటికీ మూసుకుపోయి, పగలే లైటు వేసుకోవాల్సి వస్తుంది. సోఫా ఎక్కడుందో ఇంటివాళ్లకే తెలుసు. టీవీలో వార్తలు చదివే మనిషి మెడ నుంచి పైకి మాత్రమే కనబడుతుంది. మా పాప బడి నుంచి రాగానే బ్యాగు విసిరేసి కుప్ప మీదికి దూకుతుంది. ఎవరూ వద్దనరు. అన్నంలో దూదిపోగు వస్తే, వేరే ఇళ్లలో వెంట్రుక వచ్చినంత రభస మా ఇంట్లో జరగదు. తీసి పళ్లెం అంచున పెట్టి తినేస్తారు.

వెంటనే అమ్మేయొచ్చు కదా అని కొత్తలో అన్నాను. మా అత్తమ్మ నన్ను పాపం అన్నట్టు చూసింది. పచ్చిమీద అమ్మితే తేమ ఉందని మిల్లువాళ్లు వంక పెడతారు. ఎండాలి. ఎండాక రేటు చూడాలి. రేటు బాగుందనుకున్నాక కూడా ఇంకో వారం చూడాలి. ఆ వారం ఎప్పుడు వస్తుందో అత్తమ్మకు మాత్రమే తెలుసు. మామయ్య పోయాక చేను, పత్తి, అమ్మకం అన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆమె కొడుకు, అంటే మా ఆయన, ట్రాక్టరు నడుపుతాడు, మందు కొడతాడు, ఆమె చెప్పిన మాటకు తల ఊపుతాడు.

నేను డిగ్రీ చదివాను. పెళ్లయ్యి, పాప పుట్టాక ఆ డిగ్రీ అటక మీది పెద్దగంగాళం లాగా పడి ఉంది. పాప బడికి పోవడం మొదలుపెట్టాక నాకు ఇంట్లో ఊపిరాడలేదు. అజీజ్‌నగర్ వైపు పొలాలన్నీ ఫామ్‌హౌస్‌లూ రిసార్టులూ అయిపోయాయి. మా వైపు నుంచి తోటపనికి, వంటకు, కాపలాకు అక్కడికి పోయేవాళ్లు ఎంతోమంది. పెళ్లిళ్లు జరిగే ఒక రిసార్టులో రిసెప్షన్‌కు మనుషులు కావాలని బస్సులో ఎవరో అనుకుంటుంటే విని, పోయి అడిగాను. ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడించారు. ట్రైనీగా తీసుకున్నారు. నల్లప్యాంటు, తెల్లచొక్కా, నల్లకోటు చేతిలో పెట్టారు.

ఆ కోటు ఏ గుడ్డతో కుట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. దూదికీ దానికీ ఏదో చుట్టరికం ఉంది. గాలిలో తన దారిన తాను పోయే పోగు కూడా మళ్లొచ్చి దాని భుజం మీద వాలేది. చేత్తో దులిపితే ఆ చోటు వదిలి ఇంకో చోట అంటుకునేది. మొదటిరోజు పొద్దున కోటు వేసుకుని ముందు గది దాటి వాకిట్లోకి వచ్చేసరికే నేను నల్లకోటు మనిషిని కాను, చలికాలపు గొర్రెను. మా ఆయన నవ్వాడు.

"నల్లది ఎందుకు, తెల్లకోటు ఇయ్యమని అడుగకపోయినవా?"

"డాక్టరు కొలువు గాదు నాది, రిసెప్షన్ కొలువు," అన్నాను.

మా సూపర్‌వైజర్ మేడం సిటీ నుంచి వచ్చేది. డ్యూటీ ఎక్కేముందు అందరినీ వరసగా నిలబెట్టి గోళ్లు, జుట్టు, బూట్లు, కోటు చూసేది. నా ముందుకొచ్చి ఆగింది. కోటు పైనుంచి కిందికి చూసింది.

"ఏందిది? దిండు చించుకొని వచ్చినవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను, ఏం చేస్తాను. మేడం చెడ్డమనిషి కాదు. ఆ రోజు తన దగ్గరున్న టేపు ముక్కలు నాకే ఇచ్చి బాత్‌రూముకు పంపింది. కానీ నియమం నియమమే. మా ట్రైనింగ్ క్రిస్మస్ ముందు అయిపోతుంది. అప్పుడు ఉద్యోగం పక్కా అయినవాళ్లకు రిసెప్షన్ కౌంటరు, బట్టలు పెట్టుకోవడానికి లాకరు. పక్కా కానివాళ్లకు కింద లాండ్రీలో పని. అంతవరకు లాకరు లేదు కాబట్టి ట్రైనీలు కోటు ఇంటికి తీసుకుపోయి తెచ్చుకోవాలి.

లాండ్రీ పని తక్కువదని నేను అనుకోలేదు. అక్కడి ఆడవాళ్లతోనే కూర్చుని మధ్యాహ్నం డబ్బా తినేదాన్ని. అయినా నాకు ఆ కౌంటరు కావాలి. చాలా కావాలి. పెళ్లివాళ్లు కార్లు దిగి, ఎటు పోవాలో తెలియక దిక్కులు చూస్తూ, నేరుగా నా దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు. నేను చెప్పింది విని అటు నడిచేవాళ్లు. ఇంట్లో అత్తమ్మ మాట, మా ఆయన మాట, చివరికి మా పాప మాట కూడా నడుస్తుంది. నా మాట నడిచింది ఆ కౌంటరు వెనకే. దాన్ని దూదిపోగు కోసం వదులుకోవాలంటే నాకు మండిపోయేది.

అందుకని యుద్ధం మొదలుపెట్టాను. వెడల్పు టేపు చేతికి చుట్టుకుని అద్దాను. పెద్దపోగులు వచ్చాయి, సన్నవి మిగిలాయి. తడిచేత్తో రాశాను. పోగులు ఉండలు కట్టి ఇంకా బాగా కనబడ్డాయి. ఫోన్‌లో చూస్తే జిగురు రోలర్ అని ఒకటి ఉంటుందన్నారు. దాని కోసం మొయినాబాద్‌లో బస్సు దిగి, ఫామ్‌హౌస్‌ల వాళ్ల కుక్కలకు సామాన్లు అమ్మే దుకాణానికి పోయాను. గల్లా దగ్గర దుకాణం ఆమె కూర్చుని ఉంది.

"ఏం కుక్కనమ్మా మీది?"

"కుక్క లేదు."

"అయితే పిల్లినా?"

"పత్తి," అన్నాను.

ఆమె రోలర్ చేతిలో పట్టుకుని కాసేపు నన్నే చూసింది. "పత్తికైతే ఇది ఏడ ఆగుతదమ్మా," అని, అయినా అమ్మింది. ఆమె అన్నట్టే అయ్యింది. మా ముందు గదిలో అది రెండుసార్లు దొర్లగానే దానికే పూర్తిగా దూది పట్టేది.

ఆ రోజుల్లో నాకు అసలు సాయం అత్తమ్మ వేళ్లే. చిన్నప్పటి నుంచి పత్తి ఏరిన వేళ్లవి. పొద్దున బస్సుకు పోయే ముందు నన్ను వాకిట్లో నిలబెట్టి, కొంగు నడుముకు చుట్టి ఒడి చేసుకుని, నా చుట్టూ తిరిగేది. చేనులో చెట్టు చుట్టూ తిరిగినట్టే. రెండు చేతులూ ఒకేసారి ఆడేవి. భుజాలు, వీపు, చేతుల కింద, కాలరు వెనక. నేను కదిలితే ఊరుకునేది కాదు.

"జర నిలవడు. చెట్టు గూడ గిట్ల ఊగదు."

ఏరిన పోగులు పారేసేది కాదు. ఒడిలో వేసుకుని, పని అయిపోయాక లోపలికి పోయి కుప్ప మీద దులిపేది. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాపుకోలేకపోయాను.

"అత్తమ్మా, నా కోటు మీదిది గూడ అమ్ముతవా?"

"ఎందుకమ్మను? నీ కోటు మీద పండిందా అది? నా చేన్ల పండింది."

అంత ఏరినా లాభం ఉండేది కాదు. నా జడలో ఉన్న దూది నడుస్తుంటే కోటు మీద రాలేది. బ్యాగులోంచి వచ్చేది. చేవెళ్ల దాకా బస్సులో ఎక్కేవాళ్లంతా మాలాంటి ఇళ్లవాళ్లే, రాసుకుని నిలబడితే వాళ్ల పత్తి నాకు అంటేది. కోటును కవరులో పెట్టుకుని పోయి అక్కడే వేసుకుంటే సరిపోతుందనుకున్నాను. దుకాణంలో ఇచ్చే చేతిసంచి అది. మూతి తెరిచిన నిమిషంలో అందులోకీ దూది పోయేది. మేడం మూడుసార్లో నాలుగుసార్లో చెప్పింది. చెప్పే గొంతు రోజురోజుకూ చిన్నదయ్యింది. అరిచినన్నాళ్లు నాకు భయం వేయలేదు, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాక వేసింది.

ఊరంతా పత్తే అయినప్పుడు పత్తి లేని చోటు ఏదని ఆలోచిస్తే చర్చి గుర్తొచ్చింది. చర్చి వెనక చిన్న గది ఉంది. ఆరాధన ముందు అయ్యగారు తన తెల్ల అంగీ తొడుక్కునే గది. గోడకు కొక్కేలు ఉన్నాయి. మా అయ్యగారు కాస్త హాస్యం మనిషి. కోటు అక్కడ తగిలించుకుంటానని అడిగితే, "దేవుని ఇంట్ల చోటు లేదంటనా బిడ్డా," అని తాళంచెవి ఎక్కడ పెడతాడో చూపించాడు.

ఆ రోజు నుంచి నా పొద్దు మారిపోయింది. ఇంటి నుంచి మామూలు బట్టల్లో బయలుదేరి, చర్చి మెట్ల దగ్గర జుట్టు విప్పి దువ్వి, చీర దులుపుకుని, వెనక గదిలోకి పోయి నల్లబట్టలు వేసుకునేదాన్ని. అయ్యగారి తెల్ల అంగీ, నా నల్లకోటు పక్కపక్కన వేలాడుతుండేవి. బస్సులో మాత్రం ముందు సీటు కోసం పోట్లాడేదాన్ని. ఒక పొద్దున మేడం నా ముందు ఆగి, భుజం మీద వేలు పెట్టి చూసి, "ఇప్పుడు మంచిగున్నది," అని ముందుకు పోయింది. ఆ రోజు కౌంటరు దగ్గర నేను ఎవరికి ఏం చెప్పానో గుర్తులేదు గానీ, గొంతు మాత్రం గట్టిగా వచ్చింది.

మా చర్చిలో కోతల పండుగ చేస్తారు. పంటలో మొదటి భాగం దేవుడికి. ఆ ఆదివారం ఎవరి చేనులో పండింది వాళ్లు చర్చికి తెస్తారు. గుమ్మడికాయలు, మక్కకంకులు, కూరగాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఆరాధన అయిపోయాక బయట వేలం పాడతారు. మా ఊళ్లో మక్కలకంటే పత్తే ఎక్కువ కాబట్టి పత్తే ఎక్కువ వస్తుంది. ఆదివారం పొద్దున హడావుడి ఉండకుండా శనివారమే తెచ్చి వెనక గదిలో దించుతారు. నా కోటు ఉన్న గదిలో.

ఏళ్లుగా చూస్తున్న పండుగే. అయినా ఆ శనివారం సాయంత్రం కోటు కొక్కేనికి తగిలించి వచ్చినప్పుడు నాకు ఆ సంగతి తట్టలేదు. ఆదివారం నాకు సెలవు. పండుగకు పోయాను, పాటలు పాడాను, వేలంలో మా ఆయన కోడిని పాడుకుంటే ఇంటికొచ్చి కూర చేశాను. సోమవారం పొద్దున వెనక గది తలుపు తీస్తే నా కోటు బూడిదరంగులో ఉంది. బూడిద కాదు, దూది. పైన వాలింది కాదు, ఎవరో అరచేత్తో రుద్ది ఎక్కించినట్టు నేతలోకి దిగిపోయిన సన్నదూది. టేపుకు రాలేదు. తడికి రాలేదు. బస్సు హారన్ వినబడింది.

మేడం వరస నుంచి నన్ను పక్కకు పిలిచింది. అందరి ముందూ ఏమీ అనలేదు.

"చూడమ్మా, నాకు నీ మీద కోపం లేదు. నువ్వు మాట్లాడితే గెస్టులు ఖుషీగ వింటున్నరు, అది నేను చూస్తున్న. కానీ ఇంకొక్కసారి గిట్ల కనబడితే నిన్ను కౌంటర్‌ల పెట్టుడు నాతోని కాదు. కింద లాండ్రీకి రాస్త."

ఆ పూట కోటు విప్పి, చొక్కా మీదే నిలబడ్డాను. సాయంత్రం బస్సులో చేవెళ్ల దాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాను. ఏడుస్తున్నానని కాదు. ఎవరైనా పలకరిస్తే అరుస్తానని.

ఇంటికి పోయేసరికి అత్తమ్మ వాకిట్లో బర్రెకు గడ్డి వేస్తోంది. నా చేతిలో కోటు చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"చూసినవా? నిన్న వేలం అయినంక వెనక అర్రల పని ఉండి పోయిన. బోరాలు దించిన దుమ్మంత నీ కోటు మీదనే ఉన్నది. మంచిగ తుడిచిన."

"దేంతోని తుడిచినవు అత్తమ్మా?"

"పత్తితోని. మొదటి పత్తి, మెత్తగున్నదని."

మా అత్తమ్మ విలువైన వస్తువులన్నీ పత్తితోనే తుడుస్తుంది. గోడ మీది మామయ్య ఫోటో, బైబిలు అట్ట, ఫోన్ అద్దం. కోడలి కొలువు కోటుకు కూడా అదే మర్యాద చేసింది. తుడిచాక పోగులు అంటుకున్నాయని చూసి, ఒక్కొక్కటే ఏరింది కూడా. ఆ గదిలో వెలుతురు తక్కువ, ఆమె చూపూ మునుపటిలా లేదు. పెద్దపోగులు పోయాయి. సన్నవి గుడ్డలోకి దిగడం ఆమెకు కనబడలేదు. ఇదంతా నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

"పత్తి పడుతున్నదనే గదా నేను కోటు చర్చిల పెట్టుకున్నది! దాన్నే తెచ్చి రుద్దుతవా? ఇంకొక్కసారి గిట్లయితే లాండ్రీల ఏస్తమని చెప్పిన్రు నాకు."

అత్తమ్మ నోరున్న మనిషి. నేను ఒకటంటే నాలుగంటుంది. ఆ సాయంత్రం మాత్రం కోటు నా చేతిలోంచి తీసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టి, వెలుతురు వైపు తిప్పి చూసింది. మళ్లీ నాకే ఇచ్చి గడ్డి వేయడానికి పోయింది. ఆమె అరవకపోవడం నాకు బాగా అనిపించలేదు. అన్నం వడ్డించుకుంటుంటే లోపలి నుంచి పిలిచింది.

"కోటు పట్టుకొని రా."

ఇంట్లో అత్తమ్మ పడుకునే చిన్నగది ఒకటి ఉంది. పత్తికాలమంతా ఆ తలుపు మూసే ఉంచుతుంది. ఆమె లోపలికి పోవాలన్నా గడప దగ్గర చీర దులుపుకునే పోతుంది. పాపను కూడా దులిపి గానీ రానివ్వదు. దూదికి ఆమెకు దగ్గు వస్తుందేమో అనుకునేదాన్ని. నేను పోయేసరికి మంచం కింద నుంచి రేకుపెట్టె బయటికి లాగి, మూత తీసి ఉంది. అందులోంచి జిప్పు ఉన్న మందపాటి కవరు ఒకటి తీసింది. లోపల తెల్లచీర. దుకాణంలో పెట్టిన మడత కూడా విప్పలేదు.

"ఇది నేను పోయేనాటిది," అంది.

మా వైపు పెద్ద ఆడవాళ్లు కొందరు అలా ఒక చీర కొని దాచుకుంటారు. ఆ రోజు పిల్లలు ఏడ్చుకుంటూ చేవెళ్ల దుకాణాల చుట్టూ తిరగకూడదని. అది నాకు తెలుసు. మా అత్తమ్మ దగ్గర ఉందని తెలియదు. నోటికొచ్చింది అడిగాను.

"తెల్లచీరకు దూది పడితే ఎవరికి కనవడుతది అత్తమ్మా? దీనికి గింత కవరు ఎందుకు, గింత కాపల ఎందుకు?"

"కనవడకపోతే ఏంది? నాకు తెలుస్తది గదా. పుట్టినకాడికెళ్లి పత్తిలనే ఉంటి. పండుకున్న పత్తిలనే, తిన్న పత్తిలనే. ఆ ఒక్కనాడన్న దూది లేకుంట పోదామని పెట్టుకున్న."

ఆ మాట అంటూనే జిప్పు తీసి, చీరను బయటికి లాగి మంచం మీద పెట్టింది. ఖాళీ కవరు నా వైపు చాపింది.

"కోటు గిండ్ల పెట్టు. రేపటికెళ్లి పెట్టె నీది, అర్ర నీది. పెరటి తలుపుకెళ్లి పో, ముందటర్రల కాలు పెట్టకు."

"అత్తమ్మా, వద్దు."

"ఏంది వద్దు? దానికి ఇంక టైమున్నది. నీకు పొద్దుగాల్నే డ్యూటీ."

నేను కవరు అందుకున్నాను. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. మా ఇంట్లో చావుకూ డ్యూటీకీ ఇంత సులువుగా వరస తేల్చగలిగింది ఆమె ఒక్కతే. చీర మళ్లీ పెట్టెలోనే పెట్టమన్నాను, కోటు చోటు తింటుందంది. బీరువాలో పెడతానన్నాను, ఆ బీరువా పత్తి వెనక ఉంది. చివరికి చీర ఆమె గదిలోనే దండెం మీదికి పోయింది.

మర్నాడు వెలుగు రాగానే ఇద్దరం పెరట్లో కూర్చున్నాం. కోటు ఆమె మోకాళ్ల మీద పరిచింది. నేను తడి స్పాంజితో ఒక వైపు నుంచి లాగుతుంటే, నేత మీదికి తేలిన పోగును ఆమె గోటితో పట్టుకునేది. కనబడకపోతే వేలితో తడిమి పట్టుకునేది. మా ఆయన పాపను బడికి తయారు చేశాడు, జడలు వంకరగా వచ్చాయి. కోటు పూర్తిగా నలుపెక్కేసరికి ఎండ వచ్చింది. ఆ పోగులు తడిసి ముద్దయ్యాయి కాబట్టి కుప్ప మీద వేయడానికి ఆమెకు మనసొప్పలేదు. కాసేపు ఆలోచించి, దీపపు వత్తికి పనికొస్తాయని గూట్లో పెట్టింది. మా ఇంట్లో దీపం వెలిగించేది కరెంటు పోయినప్పుడే.

ఆ రోజు నుంచి కోటు ఆమె పెట్టెలో పడుకుంది. పొద్దున గడప దగ్గర నన్ను దులిపి లోపలికి పంపేది. జిప్పు కవరు చంకలో పెట్టుకుని పెరటి దారిన బస్సుకు పోయేదాన్ని. అజీజ్‌నగర్‌లో దిగాక, రిసార్టు గేటు లోపల బాత్‌రూములో కోటు తీసి తొడుక్కునేదాన్ని. మేడం నా ముందు ఆగడం మానేసింది. వరసలో అందరితో పాటు నన్నూ దాటిపోయేది. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఒక్కటే నన్ను బాధపెట్టేది. పెట్టె కోసం ఆ గది తలుపు తీసినప్పుడల్లా దండెం మీద చీర కనబడేది. నేను లోపలికీ బయటికీ తిరగడం వల్ల గదిలోకి కొంచెం కొంచెం దూది వస్తూనే ఉంది. వచ్చి ఆ మడతల మీద వాలుతోంది. వేళ్లతో ఏరబోతే అత్తమ్మ చూసి, "దాని జోలికెందుకు పోతవు, బస్సు పోతది," అనేది.

క్రిస్మస్‌కు ముందు వారం మేడం పిలిచింది. కౌంటరు నాదేనని చెప్పి లాకరు తాళంచెవి చేతిలో పెట్టింది. నేను థాంక్యూ కూడా సరిగ్గా చెప్పలేదు. ఆ సాయంత్రం కోటు లాకరులో తగిలించి, ఖాళీ కవరు మాత్రం ఇంటికి తెచ్చాను. దాన్ని లోపలా బయటా తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, అత్తమ్మ చేతికిచ్చాను.

"పక్కా చేసిన్రు. ఇంక చీర పెట్టుకో అత్తమ్మా."

"మంచిదాయె," అంది. కవరు తీసుకుని మడిచి చంకలో పెట్టుకుంది. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు గానీ, ఆ పూట బర్రెకు గడ్డి రెండుసార్లు వేసింది.

క్రిస్మస్ పొద్దున నేను పాపకు కొత్తగౌను తొడిగి, మా ఆయన చొక్కా గుండీలు పెట్టి, చర్చికి వేళవుతోందని కేకేశాను. చిన్నగది తలుపు తీసుకుని అత్తమ్మ వచ్చింది. ఆ చీర కట్టుకుని ఉంది. దుకాణపు మడతలు ఇంకా పోలేదు, గళ్లు గళ్లుగా కనబడుతున్నాయి. కుచ్చిళ్లు గట్టిగా నిలబడ్డాయి. మా ఆయనకు ఏమీ తెలియదు కాబట్టి "కొత్తదా అవ్వా, మంచిగున్నది," అన్నాడు. నేను ఆ మడతల వైపే చూస్తున్నాను. ఆమె నన్ను చూసి, "నడువు, నడువు, చోటు దొరకది," అని ముందు నడిచింది.

చర్చిలో మా పక్కన అత్తమ్మ జతగత్తె కూర్చుంది. వయసులో ఉన్నప్పటి నుంచి ఇద్దరూ పక్కపక్క సాళ్లలో పత్తి ఏరినవాళ్లు. ఆ చీర కొన్ననాడు చేవెళ్లకు ఇద్దరూ కలిసే పోయారట, ఇద్దరూ ఒకే రకం కొన్నారట. ఆమె కళ్లు చిట్లించి చూసింది, కొంగు పట్టుకుని చూసింది. కంగారుగా చెవి దగ్గరికి వంగింది గానీ, గొంతు తగ్గించడం ఆమెకు చేతకాదు.

"ఓసి, ఇది నువ్వు దాచుకున్న చీర గాదానే?"

"అదే."

"బతికుండంగనే కట్టుకుంటివా?"

"బయటికి తీసినంక దండెం మీద ఎన్ని పొద్దులు పెట్టాలె? కోడలికి నౌకరి పక్కా అయింది. పండుగొచ్చింది. కట్టుకున్న."

"మరి అప్పటికో?"

అత్తమ్మ నా వైపు తిరగలేదు. ముందున్న సిలువ వైపే చూస్తూ, ఊళ్లోని మిగతా సంగతులు చెప్పే గొంతుతోనే చెప్పింది.

"అప్పటికి నా కోడలు తెస్తది తియ్యి. కొలువున్నది గదా."

నాకు కోపం వచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. పాప చూస్తుందని తల వంచుకున్నాను. ఆ కౌంటరు నాకోసమే కావాలనుకున్నాను, అందులో ఆమె కూడా ఇంత చోటు చూసుకుని పెట్టుకుందని నాకు తెలియదు. ఆమె చెయ్యి నా పక్కనే బల్ల మీద ఉంది. గట్టిగా పట్టుకున్నాను.

"నేను ఇప్పట్ల కొనను అత్తమ్మా," అన్నాను.

"నేను గూడ ఇప్పట్ల అడుగను. ముందటికి జూడు, అయ్యగారు నిలవడ్డడు."